మూడున్నర అంగుళాల మీద ఒక గీత

సెడార్ ఫోర్క్, మోంటానా
1994 ఆగస్టు 21

మేరిట్‌కు,

నీ ఉత్తరం, నీ కొత్త విల్లు ఫొటో అందాయి. ఫొటోను ముందు తలకిందులుగా పట్టుకున్నాను. సరిగ్గా తిప్పి చూశాక కూడా పెద్ద తేడా తెలియలేదు. రెండు చివర్లా రెండు గిరకలు, మధ్యలో మూడు తీగలు, పక్కన ఒక వెలుగు చుక్క, ముందుకు పొడుచుకొచ్చిన బరువు, మణికట్టుకు కట్టుకునే మీట. దీన్ని విల్లు అంటున్నావు. మా నాన్న బావిలోంచి నీళ్ళు తోడిన యంత్రంలో ఇంతకంటే తక్కువ సామాను ఉండేది.

పెళ్ళయిన రెండేళ్ళలో విస్కాన్సిన్ వాళ్ళు నీకు రెండు విద్యలు నేర్పారు. ఒకటి ప్రతిదానిలోనూ చీజు వేసుకోవడం, రెండోది వేటకని చెట్టెక్కి కూర్చోవడం. మన ఇంట్లో నాలుగు తరాల నుంచి నేల మీద నడిచి వేటాడాం. చెట్టెక్కే పని ఉడతలకు వదిలేశాం.

అయినా అడిగావు కాబట్టి చెబుతున్నాను. నీ విల్లు ఎంత దూరం కొడుతుందో అంగడివాడు చెబుతాడు. నువ్వు ఎంత దూరం కొట్టగలవో వాడికి తెలియదు. భోజనం పళ్ళెం అంత అట్టముక్క కోసి పెట్టుకో. పది గజాల నుంచి మొదలుపెట్టి ఐదు బాణాలు వెయ్యి. ఐదూ అందులో పడితే ఐదు గజాలు వెనక్కి జరుగు. ఒక్క బాణం బయట పడిందా, దానికి ముందు నిలబడ్డ గీతే నీ దూరం. ఆ తర్వాత ఎంత అందమైన జంతువు వచ్చినా నీ దూరం పెరగదు. ఈ సాధన వేసవి బనీనులో చెయ్యకు. నవంబరు కోటు వేసుకుని, చేతులు చల్లబడ్డాక చెయ్యి. ములికి నీ ముంజేతి వెంట్రుకలను గొరగాలి, లేకపోతే సానపట్టు. మంచె ఎక్కేటప్పుడు ముందు నడుముకు పట్టీ. విల్లును నీతో పాటు ఎక్కించకు, పైకెళ్ళాక తాడుతో లాక్కో. బాణం తగిలాక అరగంట గడియారం చూసుకుంటూ కూర్చో. తగిలిన దుప్పిని తరిమితే మైళ్ళు పరిగెత్తుతుంది, దాని మానాన వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది. చంపే హక్కు లైసెన్సు ఇస్తుంది. బాధపెట్టే హక్కు ఎవరూ ఇవ్వరు.

ఈ వేసవి నా వేట తరగతికి ముప్పై ఒక్కమంది వచ్చారు. ఎనిమిది మందిని తప్పించాను. ఒకడి తల్లి ఇంటికొచ్చింది. "అల్మా గారూ, పన్నెండేళ్ళ పిల్లాడండీ, ఒక్క ప్రశ్నకే తప్పిస్తారా?" అంది. "ఆ ఒక్క ప్రశ్న, కంచె దాటేటప్పుడు తుపాకీ గొట్టం ఎటు ఉండాలన్నది" అన్నాను. మిగతావాళ్ళలో ముగ్గురు ఎప్పటి మాటకే పోయారు: "సుమారు". దుప్పి ఎంత దూరంలో ఉంది? సుమారు వంద గజాలు. దాని వెనక ఏముంది? సుమారుగా ఏమీ లేదు. నా తరగతిలో ఆ మాటకు చోటు లేదని నీకు తెలుసు. ఇప్పుడు మన జిల్లాకు వేట అధికారిగా యూనిఫాం వేసుకుని తిరిగే రస్ కెల్లిహర్‌ను కూడా 1971లో ఆ మాటకే తప్పించాను. ఇప్పటికీ నేను కనబడితే టోపీ తీస్తాడు. భయంతోనో గౌరవంతోనో అడగలేదు. రెండూ ఒకే పని చేస్తాయి.

నీ ఉత్తరంలో మూడు అక్షరదోషాలున్నాయి. దిద్ది తిప్పి పంపుతున్నాను.

నీ నాన్నమ్మ,
అల్మా


ఆష్‌బర్గ్, విస్కాన్సిన్
సెప్టెంబరు 25

నాన్నమ్మకు,

ఎర్ర సిరాతో దిద్దిన నా ఉత్తరం క్షేమంగా చేరింది. ఫ్రిజ్ తలుపు మీద అతికించాను. మా ఆయన కర్ట్ దాన్ని చదివి, "మీ ఇంట్లో ఎవరైనా ఎవరికైనా ముద్దు పెట్టేవారా?" అని అడిగాడు. "పరీక్ష పాసైతే" అన్నాను.

పళ్ళెం సాధన చేశాను, కోటు వేసుకునే. ఆగస్టు ఎండలో ఉన్ని కోటుతో పెరట్లో నిలబడితే పక్కింటావిడ మంచినీళ్ళు తెచ్చి, "ఒంట్లో బాగుందా అమ్మా?" అంది. ఇరవై ఐదు గజాల దాకా ఐదుకు ఐదు. ముప్పై దగ్గర ఒక బాణం పళ్ళెం దాటి, కంచె దాటి, ఆవిడ గుమ్మడికాయలో దిగింది. కాయను కొనుక్కుని మేమే తిన్నాం. కాబట్టి నా దూరం ఇరవై ఐదు గజాలు, సాక్షి ఒక గుమ్మడికాయ.

పోయిన శనివారం మంచె మీద ఉన్నాను. ఎనిమిది మొనల కొమ్ములున్న దుప్పి వచ్చింది. నేను ముందే అడుగులు లెక్కపెట్టి గుర్తుపెట్టుకున్న చెట్టు పక్కన నిలబడింది. ముప్పై నాలుగు గజాలు. గాలి నా వైపే. పది నిమిషాలు మేసింది. నేను విల్లు ఎత్తలేదు. కర్ట్ వాళ్ళ గోర్డీ బాబాయి పక్క మంచె మీంచి అంతా చూశాడు. టిఫిన్ దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"ఎందుకు వెయ్యలేదే?"

"నా దూరం ఇరవై ఐదు."

"ఆ సంగతి దానికి తెలుసా?"

"తెలిసినట్టే నిలబడింది."

"ముప్పై ఏళ్ళుగా వేస్తున్నా, నేనెప్పుడూ అడుగులు లెక్కపెట్టలేదు."

"అందుకే కదా బాబాయ్, పోయినేడు నువ్వు గాయపరిచిన దుప్పి కోసం రెండు రోజులు అడవంతా వెతికాం. దొరికిందా?"

ఇప్పుడు ఇంట్లో నా పేరు కొలబద్ద.

ఇంకొక విషయం. నాన్న ఫోన్ చేశాడు. జులైలో నిన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడట. నువ్వు లోపలికి ఒక్కదానివే వెళ్ళావట, బయటికొచ్చి "బాగానే ఉన్నాడు" అన్నావట. డాక్టరు బాగున్నాడని మా అందరికీ సంతోషంగానే ఉంది. నీ కళ్ళు ఎలా ఉన్నాయన్నాడు?

మేరిట్


సెడార్ ఫోర్క్
అక్టోబరు 9

మేరిట్‌కు,

ముప్పై నాలుగు గజాల దగ్గర నువ్వు వెయ్యని బాణం గురించి చదివాను. ఈసారి ఎర్ర సిరా వాడటం లేదు. దీన్నే ముద్దు అనుకోమని కర్ట్‌కు చెప్పు.

గోర్డీ అనే ఆ మహానుభావుడికి నా నమస్కారం. ముప్పై ఏళ్ళ అనుభవం అంటే ఒకే తప్పును ముప్పైసార్లు చేయడం అని ఆయన్ని చూసి తెలుసుకున్నాను.

కంటి డాక్టరు కుర్రవాడు. చాలా మర్యాదస్థుడు. చెప్పవలసింది చెప్పాడు, వినవలసింది విన్నాను. నీ ఉత్తరంలో ఈసారి రెండు దోషాలున్నాయి. రెండూ నాకు కనబడ్డాయి.

నిన్న రైఫిల్ గురి సరిచూశాను. ఇసుక సంచి మీద ఆనించి, రెండు వందల గజాలకు మూడు తూటాలు. మూడు చిల్లుల మీద ఒక టీకప్పు బోర్లించవచ్చు. ఎప్పటిలాగే పుస్తకంలో రాశాను: తేదీ, గాలి, దూరం, తూటా ఎక్కడ తగిలింది. జంతువైతే ఎన్ని అడుగులు నడిచి పడిందో కూడా రాస్తాను. యాభై రెండేళ్ళుగా ఆ పుస్తకంలో ఖాళీ గడి లేదు.

రైఫిల్ కాలం ఇరవై మూడున మొదలవుతుంది. మన కొండల్లో నియమం నువ్వు మరచిపోయి ఉంటావు, చెట్ల మీద కాపురం కదా. మన పెద్ద కొండదుప్పిని, అంటే ఎల్క్ పోతును, కాల్చాలంటే దాని నుదుటి మీద ముందుకు వంగే మొదటి రెమ్మ నాలుగు అంగుళాలు ఉండాలి. అంతకు తక్కువైతే అది ఇంకా కుర్రది, మరో రెండేళ్ళు బతకనివ్వాలి. ట్రిగ్గరు నొక్కకముందు ఆ రెమ్మను చూడాలి. నొక్కాక చూసేది రెమ్మ కాదు, నేరం. ఈ వాక్యాన్ని నా తరగతిలో ఇంపోజిషన్ రాయిస్తాను.

నాతో ఎప్పటిలాగే పక్క పొలం ఓర్విల్ ప్రుయిట్ వస్తాడు, మాంసం మోయడానికి తన కంచరగాడిదతో. ఆయనకు ఎనభై. చెవులు పనిచెయ్యవు, నేను చెప్పేదాంట్లో సగమే వింటాడు. అందుకే మా స్నేహం ఇంతకాలం నిలిచింది.

నాన్నమ్మ


సెడార్ ఫోర్క్
అక్టోబరు 26

మేరిట్‌కు,

ఆదివారం ఉదయం ఎల్క్ పోతును కొట్టాను.

చర్మం వెంటనే తీసేశాం. మంచులోనే చేసినా మాంసం లోపలి వేడి ఎముక దగ్గర దాగి ఉంటుంది. తొడల దగ్గర ఎముక వరకు కోసి తెరవకపోతే బయట గడ్డకడుతుంది, లోపల పులుస్తుంది. నాలుగు ముక్కలు చేసి నూలు సంచుల్లో వేశాం. ప్లాస్టిక్ సంచిలో ఎన్నడూ వెయ్యకు, చెమటపడుతుంది. వీపు మాంసాన్ని విడిగా కట్టాను. ఓర్విల్ గాడిద రెండు విడతల్లో కిందికి చేర్చింది. ఇప్పుడు కొట్టంలో వేలాడుతోంది. చలి బాగానే ఉంది, పది రోజులు ఊరనివ్వవచ్చు. మంచి మాంసం, లేతగా ఉంది.

నుదుటి రెమ్మ సుమారు నాలుగు అంగుళాలు. చెక్‌పోస్టులో రస్ ఉన్నాడు. పంపించేశాడు.

కొమ్ముల మీద పట్టా కప్పి ఉంచాను, దుమ్ము పడకుండా. మీ నాన్నకు మాంసం కావాలేమో కనుక్కో.

నాన్నమ్మ


ఆష్‌బర్గ్
నవంబరు 2

నాన్నమ్మకు,

నీ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాను. తర్వాత కర్ట్ దగ్గర భూతద్దం తీసుకుని మళ్ళీ చదివాను. అక్షరాలు నీవే. సిరా నీదే. "సుమారు" అనే మాట మాత్రం ఎవరో నీ కలం దొంగిలించి రాసినట్టుంది.

పోలీసుకు చెప్పేముందు నిన్నే అడుగుతున్నాను. దూరం రాయలేదు. గాలి రాయలేదు. ఎన్ని తూటాలో రాయలేదు. ఎన్ని అడుగులు నడిచిందో రాయలేదు. మాంసం గురించి మాత్రం ఒక పుట రాశావు, నేను ఎనిమిదేళ్ళప్పటి నుంచి నీ పక్కన కూర్చుని కోసిన మాంసం గురించి. దుమ్ము పడకుండా కొమ్ముల మీద పట్టా కప్పావట. పన్నెండు జతల కొమ్ములు అదే కొట్టం గోడకు నా చిన్నప్పటి నుంచి దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. వాటి మీద నీకు ఎన్నడూ ఇంత జాలి కలగలేదు.

పైగా నా ఉత్తరంలో ఈసారి కావాలని నాలుగు తప్పులు రాశాను. అవి నీకు కనబడ్డాయో లేదో చెప్పకు. పట్టా కింద ఏముందో చెప్పు.

నాన్నకు చూపించలేదు.

మేరిట్


సెడార్ ఫోర్క్
నవంబరు 8

మేరిట్‌కు,

తప్పులు నాలుగు కాదు, ఐదు. ఐదోది నువ్వు కావాలని రాసింది కాదు.

మూడున్నర అంగుళాల మీద ఒక గీత. గీతంటే అంగుళంలో ఎనిమిదో వంతు, నాలుగుకు మూడు గీతలు తక్కువ. పదకొండుసార్లు కొలిచాను.

ఆదివారం ఉదయం ఏడుంబావుకు, నూట నలభై గజాలు. సన్నగా మంచు కురుస్తోంది. వెలుగు బూడిద కలిపిన పాలలా ఉంది. పోతు చెట్ల మధ్య పక్కకు తిరిగి నిలబడింది. స్కోపులో దాని నుదుటి మీద పొడవాటి రెమ్మ చూశాను. చూశానని అనుకున్నాను. అది దాని తల వెనక ఉన్న చెట్టు కొమ్మ. ఒకే తూటా, రెండు ఊపిరితిత్తుల్లోంచి పోయింది. ఇరవై రెండు అడుగులు నడిచి పడింది. ఇంత శుభ్రమైన వేటు నా పుస్తకంలో నాలుగే ఉన్నాయి. కొట్టకూడని జంతువును నా జీవితంలోకెల్లా బాగా కొట్టాను.

టేపు పెట్టగానే ఓర్విల్‌కు విషయం అర్థమైంది.

"చలికి టేపు కుంచించుకుపోయి ఉంటుంది, అల్మా."

"టేపు కుంచించుకుపోతే కొలత పెరుగుతుంది, ఓర్విల్."

కాసేపు ఆలోచించాడు. "అయితే దుప్పే కుంచించుకుపోయి ఉంటుంది" అన్నాడు. తర్వాత, "అయినా చచ్చినదానికి కొలతలెందుకు? దానికేమైనా చొక్కా కుట్టిస్తున్నామా?" అన్నాడు. ఎప్పుడూ సగం వినేవాడు, ఆ రోజు నేను అననిది కూడా విన్నాడు.

చెక్‌పోస్టు దగ్గర బండి ఆపాను. చెబుదామనే ఆపాను. రస్ మా ముందున్న మూడు బండ్లలో కొమ్ములన్నీ టేపుతో కొలిచాడు. నా దగ్గరికొచ్చి టేపు జేబులో పెట్టుకున్నాడు. "మీ దుప్పిని కొలవడమేంటి టీచర్ గారూ, నన్ను మళ్ళీ ఫెయిల్ చేస్తారు" అని నవ్వాడు. టోపీ తీశాడు. వెనక బండి హారన్ కొట్టింది. నేను గేరు మార్చాను.

జులైలో డాక్టరు రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయన్నాడు. మధ్యాహ్నం వెలుగులో తెల్ల అట్ట మీద నల్ల చుక్క బాగానే కనబడుతుంది, తెల్లవారుతున్నప్పుడూ పొద్దువాలేటప్పుడూ అంచులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి అన్నాడు. ఆపరేషను చేయించుకునే వరకు తుపాకీ ముట్టుకోవద్దన్నాడు. ఈ కాలం గడిచాక చూద్దాం అనుకున్నాను. ఇంకెన్ని కాలాలు మిగిలాయో నాకు తెలియదు కదా.

ఇప్పుడు చెబితే నా తరగతి పోతుంది. ముప్పై మూడేళ్ళ తరగతి. ఊళ్ళో వేటాడే ప్రతివాడూ నా దగ్గర పాసైనవాడే, లేదా తప్పి పాసైనవాడే. పైగా రస్ ఎందుకు కొలవలేదని వాడి పైవాళ్ళు అడుగుతారు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఓర్విల్ ఎలాగూ ఏమీ వినలేదంటాడు.

పుస్తకంలో ఆ గడి ఖాళీగా ఉంది.

నాన్నమ్మ


ఆష్‌బర్గ్
నవంబరు 14

నాన్నమ్మకు,

"మూడు గీతలే కదా, పోనీలే" అని రాద్దామని కూర్చున్నాను. అలా రాస్తే నన్ను మనవరాలి ఉద్యోగం నుంచి తీసేస్తావు. "వెంటనే వెళ్ళి చెప్పు" అని రాద్దామనుకున్నాను. నీకు నీతి చెప్పడానికి ముందు వరసలో నిలబడాలి, అక్కడ నువ్వే నిలబడి ఉన్నావు.

అందుకని గీతల గురించి నేనేమీ అనను. అవి నాకు పట్టవు. నీ ఉత్తరంలో నన్ను నిద్రపోనివ్వని వాక్యం వేరే ఉంది. చెట్టు కొమ్మను చూసి దుప్పి రెమ్మ అనుకున్నావు. ఆ వెలుగులో కొమ్మ రెమ్మలా కనబడితే, నాన్నమ్మా, గోధుమరంగు కోటు ఎలా కనబడుతుంది? ఓర్విల్ నారింజరంగు చొక్కా వేసుకోనని ప్రతి ఏడూ గొడవపడతాడు. గాడిదను ఎక్కడో కట్టేసి నిన్ను వెతుక్కుంటూ వస్తాడు. నువ్వు పిలిస్తే ఆయనకు వినబడదు. ఆయన వస్తే నీకు కనబడదు.

దీనికి టేపు లేదు. రస్ జేబులోంచి తీసినా పనికిరాదు.

చెక్‌పోస్టులో తప్పించుకున్నది మూడు గీతల సంగతి ఒక్కటే అయితే నేను నీ పక్షమే. ఓర్విల్ కంటే ఎక్కువ చెవుడు నటిస్తాను. కానీ వచ్చే అక్టోబరులో మళ్ళీ అదే కొండ ఎక్కుతావు, ఎవరూ ఆపరు. ఎందుకంటే నువ్వు అల్మా టీచర్‌వి.

ఇందులో తప్పులు ఎన్నున్నా దిద్దకు.

మేరిట్


సెడార్ ఫోర్క్
నవంబరు 23

మేరిట్‌కు,

నాలుగు తప్పులున్నాయి. దిద్దలేదు.

శుక్రవారం కొమ్ములు బండిలో వేసుకుని రస్ ఇంటికి వెళ్ళాను. వాడు బల్ల దగ్గర యాపిల్ పై ముక్క తింటున్నాడు. కొమ్ములను బల్ల మీద, వాడి పళ్ళెం పక్కన పెట్టి, వాడి చేతికి టేపు ఇచ్చాను. కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. పళ్ళెం పక్కకు జరిపాడు.

"టీచర్ గారూ, దీన్ని నేనే పంపించాను కదండీ."

"పంపించావు. కొలవలేదు."

"మిమ్మల్ని కొలవడమేంటండీ?"

"నన్ను కాదురా, దుప్పిని."

"ఇప్పుడు కేసు రాస్తే, చెక్‌పోస్టులో ఎందుకు చూడలేదని నన్ను అడుగుతారు."

"అడగాలి. చెప్పు."

"ఏమని చెప్పను?"

"ముసలావిడంటే భయమని చెప్పు. నిజం చెబితే సగం శిక్ష తగ్గుతుందని నీకు నేర్పింది నేనే."

వాడి భార్య పక్కగదిలోంచి, "రస్, కొంచెం యాపిల్ పై పెట్టు పెద్దావిడకు" అంది. పెట్టాడు. తిన్నాను. బాగుంది. తర్వాత కేసు రాశాడు. ఒక్కో అక్షరం చూసుకుంటూ రాశాడు. నేను తొందరపెట్టలేదు.

జడ్జి జరిమానా వేశాడు. మాంసం మొత్తం పట్టణంలో పేదలకు అన్నం పెట్టే వంటశాలకు ఇచ్చేశారు. చలిలో వేలాడి బాగా ఊరింది కాబట్టి వాళ్ళ అదృష్టం బాగుంది. నా అంతట నేనే వచ్చి చెప్పానని లైసెన్సు మాత్రం ఉంచుకోమన్నాడు. దాన్ని ఆయన బల్ల మీదే పెట్టి వచ్చాను. బోధకురాలి బిళ్ళను పోస్టులో పంపాను. తరగతి ఇక ఎవరు తీసుకుంటారో తెలియదు. రస్‌కు ఒక మందలింపు కాగితం వచ్చింది. దాన్ని తీసుకొచ్చి చూపించాడు, మార్కుల కాగితం చూపించినట్టు.

ఊళ్ళో విషయం ఒక్క పూటలో పాకింది. నేను తప్పించిన పిల్లాడి తల్లి కిరాణా కొట్లో ఎదురై, "అల్మా గారూ, ఒక్క ప్రశ్నకే తప్పించేశారా మిమ్మల్ని?" అంది. మంచి మాట. ఇంటికొచ్చాక నవ్వాను. కొట్లో నవ్వలేదు.

పుస్తకంలో గడి నింపాను. ఎక్కడ తగిలింది అన్న చోట ఊపిరితిత్తులు అని రాశాను. ఏమి కనబడింది అన్న గడి ఆ పుస్తకంలో లేనే లేదు. యాభై రెండేళ్ళుగా అవసరమనుకోలేదు. గీసి చేర్చాను.

నాన్నమ్మ


ఆష్‌బర్గ్
డిసెంబరు 4

నాన్నమ్మకు,

నాన్న నీకు ఫోన్ చేశాడట, నువ్వు "కసాయి పనిలో ఉన్నాను" అని పెట్టేశావట. కోయడానికి ఇంట్లో మాంసం లేదని ఆయనకు ఇంకా తెలియదు. నువ్వే చెప్పు.

నేను పోయిన వారం ఆడదుప్పిని వేశాను. పంతొమ్మిది గజాలు. అరగంట గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. అంత పొడుగు అరగంట ఇంకొకటి ఉండదు. దిగి చూస్తే నెత్తురులో బుడగలు, లేత ఎరుపు, ఊపిరితిత్తుల వేటే. అరవై అడుగులకు దొరికింది. గోర్డీ బాబాయి మాంసం మోయడానికి వచ్చాడు. "పంతొమ్మిదేనా, ఇరవై కాదా?" అని అడిగాడు. వెటకారం అనుకున్నాను. ఆదివారం ఆయన పెరట్లో అట్ట పళ్ళెం కనబడింది. దాని చుట్టూ గోడకు చాలా చిల్లులు.

నీ కంటి ఆపరేషను ఎప్పుడు? వస్తాను, సెలవు పెట్టుకుంటాను. ఈసారి డాక్టరు గదిలోకి నేను కూడా వస్తాను.

మేరిట్


సెడార్ ఫోర్క్
1995 ఏప్రిల్ 3

మేరిట్‌కు,

ఆపరేషను ఇన్నాళ్ళు ఎందుకు వాయిదా వేశానో ఇప్పుడు చెప్పవచ్చు. నా దగ్గర తప్పినవాడు మొత్తం తరగతికి మళ్ళీ కూర్చోవాలి, అదీ నియమం. పెద్దవాళ్ళకని వేరే నియమం నేను పెట్టలేదు. ఏ కళ్ళతో కాల్చానో ఆ కళ్ళతోనే పరీక్షకు వెళ్ళాలనుకున్నాను. బాగుచేయించుకుని వెళ్తే అది కాపీ కొట్టడం.

హాలో జంక్షన్‌లో ఫైర్ స్టేషను గదిలో తరగతి. బోధకురాలు లియానా బ్రాడీ, ఇరవై ఎనిమిదేళ్ళు, బోర్డు మీద చేతిరాత ఘోరం. ఇరవై నాలుగు మంది పిల్లలు, నేను. నా పక్కన కూర్చున్న జడల పిల్ల, "మీరు ఎన్నిసార్లు ఫెయిలయ్యారు?" అని అడిగింది. ఇదే మొదటిసారి అన్నాను. "నేను రెండుసార్లు. భయపడకండి, అలవాటైపోతుంది" అని ధైర్యం చెప్పింది. రాతపరీక్షలో తొంభై ఎనిమిది. పోయిన రెండు మార్కులకూ ప్రశ్నదే తప్పు. లియానాకు వివరించాను. ఆమె ఓపికగా విని, మార్కులు మాత్రం కలపలేదు. పైకొస్తుంది.

శనివారం సాయంత్రం బయట పరీక్ష. చెట్ల మధ్య అట్ట బొమ్మలు పెడతారు. దారి వెంట ఒక్కొక్కరే నడవాలి, ప్రతి బొమ్మ దగ్గర ఆగి కాలుస్తానో కాల్చనో చెప్పి, ఎందుకో చెప్పాలి. మొదటిది దిబ్బ అంచున ఉంది, వెనకంతా ఆకాశం. తూటా ఎక్కడికి పోతుందో తెలియదు, కాల్చనన్నాను. రెండోది పక్కకు తిరిగిన పోతు, వెనక మట్టికట్ట, నుదుటి రెమ్మ స్పష్టంగా ఉంది. కాలుస్తానన్నాను. మూడోదాని వెనక గడ్డివాము, దానికి ఆనించి ఒక నిచ్చెన. కాల్చను.

నాలుగోది అరవై గజాల్లో, పొదల్లో. గోధుమరంగుగా ఏదో ఉంది. పొద్దు వాలుతోంది. చాలాసేపు చూశాను. దుర్భిణి తీసి చూశాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. వీపు వంపు కనబడినట్టుంది. మెడ కనబడినట్టుంది. లియానా మార్కులు రాసే పలక పట్టుకుని పక్కనే నిలబడింది, వెనక దారి మొదట్లో పిల్లలు వంతు కోసం చలికి గెంతుతున్నారు. ముప్పై మూడేళ్ళు పలక పట్టుకుని నిలబడిన చోటు అది. అక్కడి నుంచి చూస్తే ప్రశ్న ఎప్పుడూ చాలా తేలిక.

"నాకు కనబడటం లేదు" అన్నాను. "కాల్చను."

ఆమె ఏదో రాసుకుంది. మిగతా నాలుగూ పూర్తిచేశాను.

పిల్లలందరూ వెళ్ళిపోయాక ఆ నాలుగో బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళమని అడిగాను. పొదల్లోకి చేయిపట్టుకుని తీసుకెళ్ళింది. దుప్పి కాదు, మేరిట్. అట్టతో చేసిన మనిషి. గోధుమరంగు కోటు, టోపీ. దుంగ మీద కూర్చుని, వంగి, రొట్టె తింటున్నాడు. రంగులు ఎవరో చిన్నపిల్ల వేసినట్టుంది, బుగ్గలు మరీ ఎర్రగా ఉన్నాయి.

"సగం మంది దీన్ని కాలుస్తామంటారు" అంది లియానా. "మీకు పూర్తి మార్కులు."

అతని ముందు కాసేపు నిలబడ్డాను. అతని కోటు మీద పడిన ఆకులు దులిపాను. లియానా చూడనట్టు నటించింది. చెప్పాను కదా, పైకొస్తుంది.

ఆపరేషను వచ్చే మంగళవారం. సోమవారానికల్లా రా. డాక్టరు గదిలోకి కూడా రా.

నీ నాన్నమ్మ,
అల్మా